హోలుబ్ మాస్టారి మొదటి ప్రశ్న

ఎల్మర్ హోలుబ్ మాస్టారిలో చెప్పుకోదగ్గ విశేషం ఒకటే ఒకటి. ఎంత పెద్దమనిషి ఎదుట కూర్చోబెట్టినా మొదటి ప్రశ్న ఆయనే అడిగేవారు. ఆ ప్రశ్న ఆ గదిలో ఇంకెవరూ అడగలేనంత తెలివితక్కువగా ఉండేది. ఎప్పుడైనా ఒక్కసారైనా పొరపాటున తెలివైన ప్రశ్న ఒకటి జారిపడకపోతుందా అని ఆయన శిష్యులు ఏటా ఆశగా కనిపెట్టుకుని కూర్చునేవారు. జారిపడలేదు.

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఓ చిన్న కళాశాలలో ఆయన పత్రికారచన చెప్పేవారు. మంచు కరిగి, చేలింకా బురదగా ఉన్న రోజుల్లో, చివరి ఏడాది విద్యార్థుల్ని రైలెక్కించి వాషింగ్టన్ తీసుకెళ్ళడం ఆయన పద్ధతి. ప్రభుత్వం ఎలా నడుస్తుందో, దాని వెంట పత్రికలవాళ్ళు ఎలా పరుగెడతారో పుస్తకంలో చదివితే రాదని ఆయన నమ్మకం. మాస్టారి భార్య ఓ పెద్ద రేకు డబ్బా నిండా ఆల్బకరా పళ్ళ గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలు సర్ది ఇచ్చేది. చికాగో చేరేలోపల డబ్బా ఖాళీ అయ్యేది. మాస్టారి కోటు మీద మాత్రం పొడి వాషింగ్టన్ దాకా వచ్చేది.

ఆ ఏడు వెళ్ళినవాళ్ళలో లోర్నా వాసెక్ అనే అమ్మాయి ఉంది. కళాశాల పత్రికకు సంపాదకురాలు. ప్రశ్నను ముందు రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకుని, చదివి చూసుకుని, అద్దం ముందు నిలబడి అడిగి చూసుకునే రకం. అలాంటి పిల్లకు హోలుబ్ మాస్టారు గురువు కావడం విధి ఆడిన వేళాకోళమని తోటివాళ్ళు అనుకునేవారు. అందులోనూ పొడుగు డ్వైట్ అనే కుర్రాడికి ఆ వేళాకోళం చూడ్డమంటే సినిమా కంటే ఇష్టం.

మొదటి రోజు ఓ న్యాయమూర్తి గారి గదికి వెళ్ళారు. నల్ల గౌను, తెల్లటి కనుబొమలు, గోడ నిండా తోలు అట్టల పుస్తకాలు. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అడగాల్సింది ఏమైనా ఉంటే అడగమని ఆయన గంభీరంగా అన్నాడో లేదో, మాస్టారు కుర్చీ అంచుకు జరిగారు.

"అయ్యా, ఆ గౌనుకు జేబులుంటాయా?"

లోర్నా కళ్ళు మూసుకుంది.  న్యాయమూర్తి గారు లేచి నిలబడి గౌను పక్కలు తడుముకున్నాడు. జేబులు లేవట. కానీ పక్కన ఓ చీలిక ఉంది, అందులోంచి చెయ్యి పెడితే లోపలి పంట్లాం జేబు అందుతుంది. అందులోంచి ఓ పిప్పరమెంటు బయటికి తీశాడు. వాదన మరీ సాగదీస్తే ఇదే గతి అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి ఎవరూ అడగలేదని నవ్వి, ఆ పిప్పరమెంటు మాస్టారికే ఇచ్చాడు. ఆ నవ్వు ఇంకా ఆరకుండానే డ్వైట్, తీర్పు చెప్పాక తప్పు చేశాననిపించిన రోజు ఉందా అని అడిగేశాడు. న్యాయమూర్తి కిటికీ వైపు చూస్తూ చాలాసేపు జవాబు చెప్పాడు. లోర్నాకు మాత్రం బయటికొచ్చాక కూడా జేబులే గుర్తున్నాయి.

"సుప్రసిద్ధ నెబ్రాస్కా దర్జీల బృందం వచ్చి వెళ్ళిందని రాసుకుంటాడు ఆయన," అంది మెట్లు దిగుతూ.

"నువ్వు ఊరికే ఏడుస్తావే," అన్నాడు డ్వైట్. "నాకైతే ఆ పిప్పరమెంటు కావాలనిపించింది."

మర్నాడు ఓ సైనికాధికారి. ఛాతీ మీద పతకాలు వరసలు వరసలుగా ఉన్నాయి. రాత్రి పూట వాటిని ఎక్కడ పెడతారని మాస్టారు అడిగారు. చొక్కాకే ఉంచి చొక్కాను తగిలిస్తానని ఆయన చెప్పాడు. మరి చొక్కా ఉతకాల్సి వస్తేనో అని మాస్టారు. అధికారి, వాటిని మళ్ళీ వరస తప్పకుండా గుచ్చేది తన భార్యేననీ, ఒకసారి ఆవిడ కోపంలో తలకిందులుగా గుచ్చితే అలాగే ఓ విందుకు వెళ్ళి వచ్చాననీ చెప్పాడు. ఎవరూ గమనించలేదట. ఆ తర్వాత పిల్లలు యుద్ధాల ఖర్చు గురించి ఏమేమో అడిగారు, ఆయన ఏమేమో చెప్పాడు.

వాళ్ళ రాష్ట్రపు సెనేటరు గారు చిక్కుడుగింజల సూపు పెట్టించి, దేశం ముందున్న సమస్యల గురించి అడగమన్నాడు. మాస్టారు చెంచా కింద పెట్టారు. ఉపన్యాసం మధ్యలో తుమ్ము వస్తే సభా కార్యక్రమాల పుస్తకంలో తుమ్మును కూడా అచ్చేస్తారా అని ఆయన సందేహం. సెనేటరుకు తెలియదు. కార్యదర్శికి తెలియదు. మాటలు రాసుకునే గుమాస్తాను పిలిపించారు. తుమ్మును రాయరనీ, ఎదుటివాళ్ళు 'చిరంజీవ' అన్న మాట మాత్రం ఎవరైనా లేచి అంటే రాయక తప్పదనీ ఆ గుమాస్తా తేల్చాడు. సెనేటరు సూపు చల్లారిపోయేలా నవ్వాడు.

అన్నిటికంటే గొప్పది పత్రికలవాళ్ళకు రోజూ ప్రభుత్వం మాట వినిపించే ఓ ప్రతినిధి దగ్గర జరిగింది. ఆయన ఎత్తు బల్ల వెనక నిలబడి, ఏం అడిగినా ఏమీ చెప్పకుండా జవాబిచ్చేవాడు. అసలు విలేఖరులే విసిగి గోడకు చేరబడి ఉన్నారు. విద్యార్థులకూ ఓ అవకాశం ఇద్దామని ఆయన ఇటు తిరిగాడు. ఆ బల్ల వెనకాల ఉన్నప్పుడు మీ కాళ్ళకు బూట్లున్నాయో లేదో వీళ్ళకెవరికైనా తెలుస్తుందా అని మాస్టారు అడిగారు. ప్రతినిధి ముఖం ఎర్రబడింది. విలేఖరులు గోడ వదిలి ముందుకొచ్చారు. కాలి బొటనవేలు వాచి, వారం నుంచి ఆయన ఇంటి చెప్పులతోనే నెట్టుకొస్తున్నాడని బయటపడింది. ఉన్ని చెప్పులు. వాటి మీద కుందేలు బొమ్మ. అన్నాళ్ళుగా ఆయన నోటి నుంచి రాబట్టిన మొదటి నిజం అదేనని ఓ ముసలి విలేఖరి హోలుబ్ మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపాడు. అక్కణ్ణుంచి ఆ మనిషి బిగువు సడలి, నాలుగు మాటలు సూటిగానే చెప్పాడు.

లోర్నాకు ఇవేమీ నవ్వు తెప్పించలేదు. ఆ గదిలోనే తూర్పు తీరపు పేరున్న కాలేజీ పిల్లలు కొందరు కూర్చున్నారు. ఇస్త్రీ మడత నలగని బట్టలు, నలగని మాటలు. వాళ్ళలో ఒకడు తలుపు దగ్గర పక్కవాడితో, "గడ్డిమోపు మీంచి నేరుగా దిగినట్టున్నారు, ఇంకా పొడి దులుపుకోలేదు," అన్నాడు. మాస్టారి కోటు మీద ఉన్నది గడ్డి కాదు, కొలాచీ పొడి. అయినా లోర్నాకు చెవులు కాలాయి.

చెవులు కాలడానికి ఇంకో కారణం ఉంది. శుక్రవారం ఆఖరి సమావేశం. దానికి ఆగ్నెస్ టాల్బట్ గారు వస్తోంది. ఆవిడ ఓ పెద్ద పత్రికకు వాషింగ్టన్ కార్యాలయం నడుపుతోంది. ఏటా ఈ బృందంలోంచి ఒకరిని ఎంచి వేసవి పనికి పెట్టుకుంటుంది. ఆ ఒకరు తనే కావాలని లోర్నా మొదటి ఏడాది నుంచీ అనుకుంటోంది. టాల్బట్ గారి ఎదుట మాస్టారు నోరు తెరిస్తే ఆ ఆశ కూడా కుందేలు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోతుందని ఆమె భయం.

శుక్రవారం మాట్లాడబోయే ఆయన రైలుదారుల బోర్డు అధ్యక్షుడు విట్‌కాంబ్. దేశంలో ఏ ఊరికి రైలు ఉండాలో, ఏ ఊరికి అక్కర్లేదో తేల్చే సంతకం ఆయనది. మిగతావాళ్ళకు ఆయన ఇంకో పెద్దమనిషి. రోజలీ కూబిక్‌కు అలా కాదు.

రోజలీ లోర్నాతో కలిసి హోటల్ గదిలో ఉంటోంది. తరగతిలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది తప్ప పలికేది కాదు. ఆమెది డ్రై ఫోర్క్ అనే పల్లె. ఆ ఊరికి రైలొస్తేనే గోదాములో ధాన్యం కదులుతుంది, ధాన్యం కదిలితేనే ఊళ్ళో పొయ్యి వెలుగుతుంది. ఆ రైలు తీసేస్తారని చలికాలం నుంచీ పుకారు. అవునని చెప్పేవాడు లేడు, కాదని చెప్పేవాడు లేడు. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఈ ప్రయాణానికి రోజలీ పేరిచ్చింది విట్‌కాంబ్ గారిని ఆ ఒక్క ప్రశ్న అడగడానికే. పొద్దున్నే స్నానాలగదిలో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో, "మా ఊరి రైలు తీసేస్తున్నారా అండీ?" అని సాధన చేసేది. నీళ్ళ చప్పుడు కంటే మెల్లగా చేసేది. తలుపు ఇవతల లోర్నాకు మాత్రం రోజూ వినబడేది.

"గట్టిగా అనవే," అంది లోర్నా ఓ పొద్దున.

"అక్కడ అంటాను," అంది రోజలీ. "మాస్టారు అడిగాక ఎలాగూ అందరూ నవ్వుతుంటారు కదా. ఆ నవ్వులో అడిగేస్తాను."

లోర్నా ఆ మాటను పట్టించుకోలేదు. ఆమె తన ప్రశ్నలో ఓ పదం మారుస్తోంది.

శుక్రవారం ఉదయం ఫలహారం దగ్గర లోర్నా మాస్టారి ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన రొట్టెముక్కకు వెన్న రాస్తున్నారు. ఆయన వెన్న రాయడం గోడకు సున్నం వేసినట్టు, మూలలు వదలకుండా, నిదానంగా ఉంటుంది.

"మాస్టారూ, ఒక మాట. కోప్పడకూడదు."

"కోప్పడితే వెన్న సరిగా అంటదు. చెప్పు."

"ఇవాళ మీరు ప్రశ్న అడక్కండి."

కత్తి ఆగింది. "మొదట అడగొద్దంటావా, అసలు అడగొద్దంటావా?"

"అసలే వద్దు."

 లోర్నా తల దించుకుని తన కారణాలన్నీ చెప్పుకొచ్చింది. టాల్బట్ గారు, వేసవి పని, తూర్పు తీరపు కుర్రాళ్ళ వెటకారం. మాస్టారిని నొప్పించాలని కాదు గానీ జనం తమ కళాశాలను ఏమనుకుంటారో అన్న బాధ. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే మొదట ఎవరడుగుతారు?" అన్నారు చివరికి.

"నేను."

"మంచి ప్రశ్నేనా?"

"చాలా మంచి ప్రశ్న మాస్టారూ. రెండు వారాలు కూర్చుని రాశాను."

"అయ్యో," అన్నారు మాస్టారు, ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు. తర్వాత రొట్టె కొరికి, "సరే, మాటిచ్చాను," అన్నారు.

బోర్డు కార్యాలయంలో గోడంతా దేశపటం. దాని మీద రైలుదారులు నల్ల గీతలు, అక్కడక్కడా ఎర్ర గీతలు. ముందు వరసలో విద్యార్థులు, వెనక గోడ దగ్గర కొందరు విలేఖరులు, ఓ మూల టాల్బట్ గారు. ఆవిడ నారింజపండు తొక్క తీస్తూ కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా, తొక్క తెగకుండా, ఒకటే పొడుగు చుట్టగా తీస్తోంది. విట్‌కాంబ్ గారు ఎత్తైన మనిషి. పక్కన ఫైళ్ళ బొత్తితో సహాయకుడు. ఆయన కాసేపు రవాణా గురించి మాట్లాడి, ఇక ప్రశ్నలు అడగమన్నాడు.

అలవాటు కొద్దీ తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. మాస్టారు పైకప్పు చూస్తున్నారు.

లోర్నా లేచింది. ప్రజాప్రయోజనం అన్న మాటకు బోర్డు తీర్పుల్లో ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం ఎందుకు కనబడుతోందనీ, రైలు సంస్థల నష్టానికీ ప్రజల అవసరానికీ మధ్య అధ్యక్షుల వారు ఏ సూత్రాన్ని కొలబద్దగా పెట్టుకున్నారనీ అడిగింది. వాక్యం పొడుగ్గా ఉన్నా ఎక్కడా తడబడలేదు. వెనక గోడ దగ్గర ఒకరిద్దరు తలలెత్తారు. నారింజ తొక్క ఒక్క క్షణం ఆగింది.

విట్‌కాంబ్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానన్నాడు. లేచి నిలబడ్డాడు. చట్టాలు, కమిటీలు, పాత తీర్పులు, ఆర్థికశాస్త్రం, మధ్యలో ఓ లాటిన్ మాట. జవాబు ఓ సరుకు రైలంత సాగింది. ఆఖరి పెట్టె దాటిపోయాక ఆయన తృప్తిగా కూర్చుని, "బాగుంది. ఇదే స్థాయిలో ఇంకేమైనా?" అన్నాడు.

గది చప్పబడిపోయింది. డ్వైట్ తన బూట్ల లేసులు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. ముందు రోజుల్లో ఒకరి మీద ఒకరు పడి అడిగిన పిల్లలే, తమ దగ్గరున్న ప్రశ్నలను కుర్చీల కిందకి తోసేశారు. ఆ జవాబు తర్వాత ఏది అడిగినా పెళ్ళిపందిట్లోకి మాసిన బట్టలతో దూరినట్టే ఉంటుంది.

లోర్నా పక్కకు చూసింది. రోజలీ చెయ్యి ఒళ్ళోంచి కాస్త పైకి లేచింది. భుజం దాకా రాలేదు. 'ఇదే స్థాయిలో' అన్న మాట దగ్గర తగులుకున్నట్టు ఆగి, మెల్లగా దిగి, లంగా మడతల్లోకి వెళ్ళి దాక్కుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మా ఊరి రైలు. మా ఊరి రైలు.

అప్పుడు లోర్నా మాస్టారిని చూసింది. ఆయన రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉన్నారు. ముఖం కందగడ్డలా అయింది. ముక్కు పుటాలు అదురుతున్నాయి. చర్చిలో తుమ్ము ఆపుకుంటున్న మనిషి ఎలా ఉంటాడో అచ్చం అలా ఉన్నారు. కళ్ళు మాత్రం రోజలీ ఒళ్ళోని చేతి మీదే ఉన్నాయి. మాటిచ్చారు, అందుకని నోరు తెరవడం లేదు.

ఆ చూపు చూశాక లోర్నాకు గౌను జేబులు గుర్తొచ్చాయి. జేబుల తర్వాత డ్వైట్ ఏమడిగాడో గుర్తొచ్చింది. తుమ్ము తర్వాత, పతకాల తర్వాత, కుందేలు చెప్పుల తర్వాత ఎవరెవరు ఎలా నోరు విప్పారో వరసగా గుర్తొచ్చింది. 'ఆ నవ్వులో అడిగేస్తాను' అని రోజలీ అన్న మాట ఇప్పుడు నీళ్ళ చప్పుడు లేకుండా వినబడింది. ఆ గదిలో అందరికంటే తెలివితక్కువ ప్రశ్న ఒకటి ముందే పడిపోతే, ఆ తర్వాత ఎవరి ప్రశ్నా తెలివితక్కువది కాదు. ఆ చోటు ఇవాళ ఖాళీగా ఉంది. ఖాళీ చేయించింది తనే.

సహాయకుడు ఫైళ్ళు సర్దుతున్నాడు. విట్‌కాంబ్ గారు గడియారం వైపు చూశాడు.

"ఇంకొక్కటి ఉందండీ," అంటూ లోర్నా లేచింది.

లేచాక తెలిసింది ఆ పని ఎంత కష్టమో. బుర్రలో వెతికితే అన్నీ తెలివైన ప్రశ్నలే తగులుతున్నాయి. ఒకదాన్ని పక్కకు తోస్తే దాని వెనక ఇంకా తెలివైనది నిలబడి ఉంది. మూల టాల్బట్ గారు మొదటిసారి తలెత్తి సూటిగా ఆమె వైపే చూస్తోంది. మూడేళ్ళ ఆశ ఆ చూపులో ఉంది. 

"అయ్యా, రైలు కూత వేసేటప్పుడు డ్రైవరు చెవులు మూసుకుంటాడా?"

 టాల్బట్ గారి నారింజ తొక్క తెగి కింద పడింది.

"ఏమిటమ్మా?" అన్నాడు విట్‌కాంబ్ గారు.

లోర్నా మళ్ళీ అడిగింది. రెండోసారి అడగడం ఇంకా కష్టమైంది.

అధ్యక్షుడు సహాయకుడి వైపు తిరిగాడు. "మూసుకుంటాడా?"

"రెండు చేతులూ చెవుల మీదుంటే కూత ఎవరు వేస్తారు సార్?"

"పక్కన ఇంకొకడు ఉంటాడుగా. వాడు వేస్తాడేమో."

"మరి వాడి చెవులో సార్?"

ఇద్దరూ నిజంగానే ఆలోచనలో పడ్డారు. వెనక గోడ దగ్గర నవ్వు పుట్టింది. కూత వేసే తాడును మోచేత్తో లాగొచ్చని ఒక విలేఖరి అన్నాడు. దూది పెట్టుకుంటారని ఇంకొకడు. అలవాటైపోతుందని, తన భార్య మాట తనకు వినబడనట్టే వాళ్ళకూ వినబడదని మూడోవాడు. విట్‌కాంబ్ గారు చేతులెత్తేసి, ఇన్ని వేల మైళ్ళ పట్టాల మీద సంతకాలు పెట్టాను గానీ ఇంజను ఎక్కిన పాపాన పోలేదు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని తనూ నవ్వేశాడు. గదంతా నవ్వింది. రోజలీ కూడా నవ్వింది. ఆ నవ్వు అలా ఉండగానే లేచి నిలబడింది.

"మా ఊరి రైలు తీసేస్తున్నారా అండీ?"

మాట పూర్తిగా, అందరికీ వినబడేలా వచ్చింది. ఆమే ఉలిక్కిపడింది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు ఆయన, ఇంకా నవ్వు ముఖంతోనే.

రోజలీ పటం దగ్గరకు నడిచి వేలు పెట్టింది. వేలు కింద ఉన్నది ఎర్ర గీత. ఆయన నవ్వు నెమ్మదిగా దిగింది. సహాయకుడు ఓ ఫైలు తీసి ఇచ్చాడు. అవును, కాగితం సిద్ధమైంది, సంతకం ఒక్కటే మిగిలింది అని ఆయన ఒప్పుకున్నాడు. అభ్యంతరాలుంటే చెప్పమని ఊరివాళ్ళకు నోటీసు ఇచ్చారనీ, ఎవరూ చెప్పలేదనీ ఫైల్లో ఉంది.

"నోటీసు ఎక్కడ అంటించారండీ?" అంది రోజలీ.

సహాయకుడు కాగితం తిప్పాడు. "స్టేషన్‌లో. లోపలి గోడకు."

"స్టేషన్‌కు చలికాలమంతా తాళం వేసి ఉందండీ. మీవాళ్ళే వేశారు."

ఈసారి నవ్వు రాలేదు. వెనక గోడ దగ్గర పెన్సిళ్ళు గబగబా కదిలాయి. ఆ చప్పుడు విట్‌కాంబ్ గారికీ వినబడింది. ఆయన ఫైలు మూసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచాడు.

"మీ ఊరికి మనిషిని పంపి, ఊరందరి మాటా విన్నాకే దీని సంగతి చూస్తాను. అప్పటిదాకా సంతకం పెట్టను. రాసుకోండి," అన్నాడు విలేఖరులతో. వాళ్ళు అప్పటికే రాసేసుకున్నారు.

రైలు ఉంటుందో పోతుందో ఆ రోజుకు ఎవరికీ తెలియదు. కానీ డ్రై ఫోర్క్ నోరు విప్పకుండా మాత్రం పోదు. రోజలీ వచ్చి తన కుర్చీలో కూర్చుంది.  ఆ తర్వాత పిల్లల ప్రశ్నలకు అడ్డూ ఆపూ లేకపోయింది. డ్వైట్ రెండు అడిగాడు.

సమావేశం అయ్యాక టాల్బట్ గారు పిల్లల్ని వరండాలో పలకరించింది. లోర్నా మొదటి ప్రశ్న చాలా బాగుందంది. రెండోది ఎందుకడిగావని అడిగింది. తెలుసుకోవాలనిపించింది అంది లోర్నా. టాల్బట్ గారు అలాగా అని తలూపి ముందుకు కదిలింది. వేసవి పని ఆఖరికి డ్వైట్‌కు దక్కింది. కింద వీధిలో ఆవిడ కారు ఎంతకీ కదలకపోతే, వాడు ఇంజను మూత ఎత్తి, ఏదో తీగ సరిచేసి, ఒక్క పూటలో ఆవిడ మనసు దోచేశాడు. తన కార్యాలయంలో వాక్యాలు రాసేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు గానీ కారు నడిపించేవాడే కరువని ఆవిడ అందట.

ఆ సాయంత్రం రైలు స్టేషన్‌లో మాస్టారు బల్ల మీద కూర్చుని బూటులో దూరిన గులకరాయి దులుపుకుంటున్నారు. లోర్నా వెళ్ళి పక్కన కూర్చుంది. దూరంగా రోజలీ టెలిఫోన్ పెట్టెలో నిలబడి, ఇంట్లోవాళ్ళకు రెండు చేతులూ తిప్పుతూ ఏదో చెబుతోంది. అద్దంలోంచి మాట వినబడడం లేదు గానీ, అవతలివాళ్ళకు సందు ఇవ్వడం లేదని తెలుస్తూనే ఉంది.

"ఇన్నేళ్ళూ అందుకేనా మాస్టారూ?" అంది లోర్నా.

"ఎందుకు?"

"మీరు ముందు అలాంటిది అడిగేది. మేం భయపడకుండా ఉండాలనేనా?"

మాస్టారు బూటు బోర్లించి తట్టారు. గులకరాయి రాలేదు.

"ఎవరు చెప్పారు? గౌనుకు జేబులుంటాయో లేదో నాకు నిజంగానే తెలియదు."

"పోనీలెండి. ఇవాళ నేను అడిగింది ఎలా ఉందో అదైనా చెప్పండి."

ఆయన తరగతి గదిలో వ్యాసాలు దిద్దేటప్పుడు పెట్టే ముఖం పెట్టారు.  మొహమాటం లేకుండా చెప్పాలా అన్నట్టు ఆమె వైపు చూశారు.

"మొదటిసారి కదా, ఫరవాలేదు," అన్నారు. "కానీ ఆ చెవుల దగ్గర కాస్త ఆలోచించినట్టు తెలిసిపోతోందమ్మా. అది తగ్గించుకోవాలి."